కదిలినోళ్లు పడరు

కొండ మీది మబ్బులు ఫొటోలో పాలపొంగులా పడాలని, బొమ్మలు తీయడానికొచ్చిన స్టెల్లా కెమెరా లెన్సుకు వెలుగు తగ్గించే నల్లద్దం బిగించి, షట్టర్‌ను ముప్పై సెకన్లు తెరిచి ఉంచింది. వడమాలపేట చేనులో ఉన్న మొగుడూపెళ్లాలిద్దరూ ఫొటో చూడటానికి మూగారు.

కొండ పడింది. గట్టు మీద కాళ్లు చాపుకొని కూర్చున్న తిరుమలయ్య మీసంతో సహా పడ్డాడు. పక్కనున్న ఆవుకు రెండు తలలొచ్చాయి. చేనంతా తిరుగుతూ గడ్డి కోసిన అతని భార్య జ్ఞానాంబ మాత్రం లేదు.

“నేను యాడ పాపా?”

“ఇంతసేపు తెరిచిపెడితే కదలకుండా ఉండేవాళ్లే పడతారక్కా. తిరిగేవాళ్లు కనపడరు.”

“నేను సూడు, ఎంత బాగా పడినానో!” తిరుమలయ్య మీసం దువ్వాడు.

“ఆవు గూడా పడిండాదే!”

“అది తల ఒక్కసారే తిప్పిందక్కా.”

జ్ఞానాంబ ఆ ఫొటోను చాలాసేపు చూసింది.

“మా అత్తకు గూడా ఈ కెమెరా మాదిరి కండ్లే ఉండె” అంది.

కొడవలి మొగుడి చేతిలో పెట్టింది. గట్టెక్కి, కాళ్లు బార్లా చాపుకొని కూర్చుంది.

“ఇంకోటి తియ్యి పాపా. ఈసారి ఆయన తిరుగుతాడు.”

“అట్లయితే నేను కనపడనే!” తిరుమలయ్య గాబరాపడ్డాడు.

“ఆవుకు కనపడతావులే, పో.”