పద్దెనిమిదో ఎత్తు

గాజు తలుపు ఇవతల లైల్‌కు కాలు ఒకచోట నిలవడం లేదు. ఆట జరిగే హాల్లోకి తల్లిదండ్రులను రానివ్వరు. కెనడాలోని ఈ సస్కటూన్‌లో ఏ చదరంగం పోటీకి వచ్చినా ఇదే తంతు.

ఆఖరి రౌండు. కారిన్‌వి తెల్ల పావులు, నెల్‌వి నల్లవి. గెలిచిన పిల్ల జాతీయ పోటీలకు వెళ్తుంది. డ్రా అయిందా, ఇద్దరి నోట్లోనూ మట్టే. రెజీనా నుంచి వచ్చిన అమ్మాయి ఎగరేసుకుపోతుంది. కారిన్‌కు వచ్చే ఏడు వయసు దాటిపోతుంది. ఉన్నది ఈ ఒక్క అవకాశమే.

చిక్కల్లా ఒకటే. పదకొండేళ్ల నెల్‌ను కారిన్ ఇంతవరకు ఒక్కసారీ ఓడించలేదు.

అందుకే పొద్దున పాన్‌కేకుల దగ్గర లైల్ నెల్‌ను పక్కకు పిలిచాడు.

"పద్దెనిమిదో ఎత్తులో గుర్రాన్ని తప్పించెయ్. ఎవరికీ చెప్పకు. చిన్నదానివి, నీకింకా బోలెడు పోటీలున్నాయి."

నెల్ తలూపింది.

సిసిలియన్ డ్రాగన్ అనే ఆరంభ వ్యూహం ఆడుతున్నారు. కత్తి మీద సామే. ఇద్దరూ ఎదుటి రాజు మీద పడిపోతారు. ఒక్క ఎత్తు తప్పితే కొంప మునుగుతుంది.

పద్దెనిమిదో ఎత్తు వచ్చింది. నెల్ మాట తప్పలేదు. గుర్రం పక్కకు జరిగింది. ఇక కారిన్ మంత్రిని లోపలికి దూకిస్తే ఆట కట్టు. లైల్ గాజుకు మొహం ఆనించాడు.

కారిన్ బల్ల వంక చూసింది. నెల్ వంక చూసింది. తర్వాత తలెత్తి గాజు తలుపు వంక చూసింది. మంత్రితో ఈ గడి నుంచి చెక్, ఆ గడి నుంచి చెక్. అలా మూడుసార్లు అదే అమరిక తిరిగొచ్చింది. డ్రా. పిల్లలిద్దరూ చేతులు కలిపారు.

లైల్‌కు ఒళ్లు భగ్గున మండింది. కన్నకూతురే వెన్నుపోటు పొడిస్తే ఎవరితో చెప్పుకుంటాడు?

పార్కింగులో మంచు తొక్కుకుంటూ కారిన్ వెంటపడ్డాడు.

"నోటిదాకా వచ్చిన గెలుపును కాలదన్నుతావా? నీకోసం ఎంత చేశాను!"

"ఏం చేశావో తెలిసింది, నాన్నా. అలాంటి ఎత్తు నెల్ కలలో కూడా వెయ్యదు."

"నీ మంచికే చేశాను."

"దాని మొహం చూశావా? ఏడుపు దిగమింగుకుని వేసింది."

లైల్ కారు తాళం తీశాడు. కోపం మాత్రం తగ్గలేదు. తను ఇంత దిగజారింది ఎవరికోసమో వాళ్లే నట్టేట ముంచారు.

కారిన్ ముందు సీటు వదిలేసి వెనక కూచుంది.

అటువైపు తలుపు తీసి కారిన్ పక్కన కూచున్న నెల్, బెల్టు పెట్టుకుంటూ మెల్లగా అడిగింది: "నువ్వు చెప్పినట్టే ఆడాను కదా, నాన్నా?"