వెనక బెంచీలో బామ్మ

కొత్తమ్మాయి నాలుగో తరగతిలో చేరిన రోజే, ఆమె పక్కన ఒక బామ్మ కూడా వచ్చి కూర్చుంది.

పరాయి దేశం నుంచి వచ్చిన పిల్ల, బెదురు తీరేదాకా ఉండనిద్దామనుకుంది టీచరు.

పిల్లకి బెదురు తీరింది. బామ్మ మాత్రం కదల్లేదు. తరగతిలో పిల్లలు ఆవిడకి ‘పెద్ద కొత్తమ్మాయి’ అని పేరు పెట్టి నవ్వుకునేవారు.

పాఠం జరుగుతున్నంతసేపూ వెనక గుసగుసలే. పిల్లని లేపి ప్రశ్న అడిగితే ముందు బామ్మ ముఖం చూస్తుంది. ఇద్దరూ ఏదో గొణుక్కుంటారు. ఆ తర్వాత జవాబు అరకొరగా బయటికొస్తుంది.

నెలాఖరుకల్లా తనంతట తాను మాట్లాడకపోతే పిల్లని ఒకటో తరగతికి దింపేస్తానంది హెడ్మిస్ట్రెస్.

టీచరుకి ప్రాణం ఒప్పలేదు. బామ్మని పక్కకి పిలిచింది.

“మీ మాటల్లో మీరు చెబుతూ కూర్చుంటే, మా మాటలు దానికెప్పుడొస్తాయి బామ్మగారూ?”

బామ్మ మాటలు వెతుక్కుంది. “నేను... మాట్లాడను. కూర్చుంటాను.”

“వద్దండీ. పిల్ల మంచికే చెబుతున్నాను.”

బామ్మ తలూపి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి పిల్ల ఉలకదు, పలకదు. వచ్చిన నాలుగు ముక్కలూ పోయాయి. అడ్డు తీసేస్తే బాగుపడాలి కదా, ఇదేమిటి? టీచరుకి పాలుపోలేదు. మీ బామ్మ ఏదని అడిగితే, ఎవరి బామ్మ అన్నట్టు చూసింది పిల్ల.

చివరికి తండ్రికి కబురు పెట్టింది. ఫ్యాక్టరీ బట్టలతోనే వచ్చాడాయన. పనిలో పడి ఇక్కడి మాట బాగానే నేర్చినవాడు.

“రేపటి నుంచి మీ అమ్మగారిని మళ్ళీ పంపండి,” అంది టీచరు.

“మా అమ్మ పోయి చాలాకాలమైందండీ.”

“అయితే మీ అత్తగారు.”

“ఆవిడ మాతో రాలేదు.”

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“మరి పాప పక్కన కూర్చునే ఆవిడ?”

“ఆవిడ మీ బడి ఆయా కదండీ? మొదటి రోజు గేటు దగ్గర పాప ఏడుస్తుంటే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.”

టీచరు గేటు మనిషిని పిలిచి అడిగింది. ఎటునుంచి వచ్చేదో, ఎటు పోయేదో తనకి తెలియదన్నాడతను. టీచరు వద్దన్న రోజు తర్వాత కనబడలేదట.

“మీ భాష వచ్చుగా ఆవిడకి? ఎప్పుడూ పాపతో గుసగుసలాడేది,” అంది టీచరు తండ్రితో.

“మా మాట ఒక్కటి రాదండీ. ఆవిడది ఇంకేదో దేశం,” అన్నాడు తండ్రి. “మీరు చెప్పే పాఠమే ఇద్దరూ కూడబలుక్కుని నేర్చుకుంటున్నారని పాప చెబితే, ఆయాకి కూడా చదువు చెప్పే బడి దొరికిందని ఇంట్లో సంతోషించాం.”