సఫియ్యా సీను

పుష్పకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే, తాను తిరిగిపోయేసరికి బిడ్డ తనను గుర్తుపట్టదేమోనని. ఏడాది పిల్లను జగిత్యాలలో అత్త లస్మవ్వ దగ్గర వదిలి, రియాద్‌లో ఇంటిపనికి వచ్చి రెండేళ్లయింది.

"సఫియ్యా, కువైట్ పోకు తల్లీ." ఆ ఇంటి ముసలాయన ఆ మధ్యాహ్నం కూడా పుష్ప చెయ్యి పట్టుకున్నాడు. "నీ మొగుడే ఇక్కడికి వస్తాడు. వినవా? అయితే బిడ్డనన్నా నా దగ్గర వదిలిపో."

పుష్ప చాయ్ గ్లాసు కింద పెట్టి తన వంతు మాట చెప్పింది. "రెండు రోజుల్లో వచ్చేస్తా, బాబా."

ముసలాయన కళ్లు తుడుచుకుని, అక్కడే ఆడుకుంటున్న అయిదేళ్ల హనాను ఒళ్లోకి లాక్కున్నాడు. ఇంటామె జైనాబ్ వచ్చి హనాను ఎత్తుకుపోయింది. తాత ఏడిస్తే పిల్ల జడుసుకుంటుందని కాబోలు, ఈ సీను మొదలైతే ఆమె పిల్లను అక్కడ ఉండనివ్వదు.

పనిలో చేరిన వారంలోనే జైనాబ్ అంతా చెప్పింది. ఆయన తన మామ, మొగుడి తండ్రి, ఫిక్రీ. ఈజిప్టులో నలభై ఏళ్లు సినిమాల్లో వేశాడు. మొదట స్టూడియోలో లైట్లు మోశాడు, తర్వాత గుంపులో నిలబడ్డాడు, ఆ తర్వాత ఆయన పేరు చూసే టికెట్లు తెగేవి. ఇప్పుడు మతి పోయింది, డైలాగులు మిగిలాయి. నిన్ను సినిమాలో కూతురనుకుంటాడు, జవాబు చెప్తే ఊరుకుంటాడు అంది.

పుష్ప జవాబు బాగానే నేర్చింది. కానీ ఆ మాట అన్నప్పుడల్లా తన బిడ్డే కళ్లలో మెదిలేది. మొన్న ఫోన్‌లో నేను అమ్మను అంటే, మా అమ్మ ఇక్కడ్నే ఉంది అన్నది పిల్ల. ఉండబట్టలేక జైనాబ్‌ను అడిగింది.

"ఆ సినిమాల సఫియ్యా మళ్లొస్తదా, మేడం?"

జైనాబ్ హనాకు జడ వేస్తోంది. జడ కొస బిగించి, రాదు అంది.

"పిల్ల యాది చేస్తదా మరి?"

"తల్లి పోయేనాటికి రెండేళ్ల పిల్ల, ఏం గుర్తుంటుంది? పెంచినామెనే అమ్మా అంటుంది." జైనాబ్ దువ్వెన పక్కన పడేసింది. "ఇంకోసారి అడగకు."

పుష్పకు నమ్మబుద్ధి కాలేదు. చివర్లో తల్లి వచ్చే ఉంటుంది, ఈమే మరిచిపోయి ఉంటుంది. ఆ సినిమా ఎప్పుడన్నా టీవీలో రాకపోతుందా అని కాచుకుని కూర్చుంది.

ఒక శుక్రవారం సాయంత్రం ముసలాయనను పుష్పకు అప్పగించి అందరూ బజారుకు పోయారు. టీవీలో ఫిక్రీ మొహం కనబడింది. సినిమా కాదు, మూడేళ్ల కిందటి కువైట్ యుద్ధానికి ముందెప్పుడో, ఆయన సినిమాలు మానేశాక తీసిన ఇంటర్వ్యూ. మతి పోకముందు మనిషి, నవ్వుతూ మాట్లాడుతున్నాడు. మధ్యమధ్య పాత సీన్లు వేశారు. దొంగ, స్మగ్లరు, జైలరు, హంతకుడు. కూతురి సీను ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుందని పుష్ప రెప్ప వాల్చలేదు. పక్కన కుర్చీలో ముసలాయన మాత్రం టీవీ చూడడం లేదు, వీధి తలుపు వైపు చూస్తున్నాడు.

వంద సినిమాలు చేశారు, తీరని కోరిక ఏమన్నా మిగిలిందా అని టీవీలో ఆయనను అడిగారు.

తెర మీద ఫిక్రీ నవ్వాడు.

"నాకు ఒక్కరూ తండ్రి వేషం ఇవ్వలేదు."