వాసన లేని పనస

“అత్తా, పనస వాసనొస్తంది!”

రామతులసి మాటకి, నీళ్ళ గాబు దగ్గర కాళ్ళు కడుక్కుంటున్న మన్మథరావు చెంబు వదిలేసి గడ్డివాము వైపు చూశాడు. భార్య ముక్కు పొరబడలేదు. నిన్న గుడారి సంతలో కొన్న పనసపండుని పెరట్లో గడ్డివాములోకి తోసింది అతనే.

రామతులసికి ఐదో నెల. పది రోజులుగా ఒకటే కోరిక, ఒక్కటంటే ఒక్క పనస తొన. కడుపుతో ఉన్నవాళ్ళకి పనస పడదని మంత్రసాని చిలకమ్మ అనేసరికి మన్మథరావు తల్లి తవిటమ్మ హుకుం జారీ చేసింది. “ఈ ఏడు మనింట్లో పనస అడుగెట్టకూడదు!” తండ్రి సన్యాసయ్య ఇంకో మెట్టెక్కేశాడు. “తెచ్చినోడిని పండుతోపాటు ఈదిలోకి ఇసిరేస్తాను!” ఆ పూట రామతులసి అన్నం ముట్టలేదు. ఆ మొహం చూసి మన్మథరావు ప్రాణం ఉసూరుమంది.

“ఏటి వాసన? నాకు పడిశెం, ఏటీ తెలీడం లేదు,” అంది తవిటమ్మ. “కోరిక మీదున్నోళ్ళకి అలాగే అనిపిస్తాదిలే అమ్మీ.” అంటూనే నిప్పుల మీద గుప్పెడు సాంబ్రాణి పోసి ఇల్లంతా పొగ పట్టించింది.

అమ్మకి పడిశెం ఇచ్చిన దేవుడికి మన్మథరావు మనసులోనే దండం పెట్టుకున్నాడు. ఇక భయమల్లా అయ్యతోనే. రెండు పొలాల అవతల ఎవరు చుట్ట కాలుస్తున్నారో చెప్పేసే ముక్కు ఆయనది!

సన్యాసయ్య పెరటి గుమ్మంలో నిలబడి గట్టిగా గాలి పీల్చాడు. కొడుకు ఊపిరి బిగబట్టాడు.

“గడ్డి ముక్కిపోయింది,” అన్నాడాయన. “ఒరే, వాము దగ్గరికెల్లకు. పాముంది. పొద్దున్న నానే సూసేను.”

“అలాగేనయ్యా!” మన్మథరావుకి ఎగిరి గంతేయాలనిపించింది.

కానీ అమ్మా అయ్యా ఇల్లు కదిలితేనా!

“బ్లాకాఫీసులో ఇత్తనాలిస్తన్నారట, ఎల్లవేటి?” అంది తవిటమ్మ.

“నువ్వు నీల్లకెల్లవేటి?” అన్నాడు సన్యాసయ్య.

అలా ఒకరినొకరు తరుముకుంటూ, వెనక్కి తిరిగి చూసుకుంటూ, ఎలాగైతేనేం ఇద్దరూ వీధిలో పడ్డారు.

మన్మథరావు ఒక్క పరుగున పెరట్లోకి వెళ్ళాడు. పాముంటే ఉండనీ, రామతులసి ఒక్కసారి నవ్వితే చాలు. గడ్డిలోకి చెయ్యి దూర్చాడు. ముళ్ళు తగిలాయి. సంతోషం పట్టలేక గడ్డినంతా పక్కకి లాగేశాడు.

లోపల మూడు పనసపళ్ళున్నాయి.