వసంతం చప్పుడు

"మళ్లీ పాడైంది!"

అక్క పక్కన నిలబడ్డ తమ్ముడు చెవులమీది హెడ్‌ఫోన్లు మెడమీదికి లాగేసుకున్నాడు. వాళ్ల నెత్తిమీదుగా సీగల్ పిట్ట ఒకటి అరుచుకుంటూ పోయింది, దాని సొమ్మేదో ఇతను తిన్నట్టు.

సినిమాలకి చప్పుళ్లు పట్టడం అతని వృత్తి. ఇరవై ఏళ్లుగా వానలూ, తలుపుల కిర్రులూ, రైలు కూతలూ ఎన్నో పట్టాడు. ఎన్నడూ ఇంత చిరాకు పడలేదు. కానీ ఇది ఇవాళే దొరకాలి. రెండు గంటలకల్లా ఇద్దరూ ఇంకోచోట ఉండాలి. రేపటికి వాయిదా వేసుకునే వీల్లేదు.

"సముద్రం ఒడ్డున వసంతం కావాలట సినిమావాళ్లకి. తోడు రాక్కా" అని పొద్దున్నే అక్కని లేపి తీసుకొచ్చాడు. అక్క మెడకి మఫ్లర్ చుట్టుకుని, బిస్కెట్ల పొట్లం ఒకటి చంకలో పెట్టుకుని బయల్దేరింది.

"వసంతం కావాలంటే కళ్లారా చూసుకోవాలిగానీ, ఆ పిల్లితోక పట్టుకు తిరగడమేమిట్రా?" అంది, అతని చేతిలోని బొచ్చు మైకు చూసి.

"దీన్ని నువ్వు పట్టించుకోకక్కా. ఎప్పుడూ ఉన్నట్టే ఉండు."

"నా వాగుడు కూడా ఇందులో పడుతుందేమో?"

"పడితే తర్వాత చెరిపేస్తాలే."

అనేసి నాలుక కరుచుకున్నాడు. అక్క ఏమీ అనుకోలేదు.

గట్టు పొడుగునా చెట్లు ఆకు కనబడకుండా పూశాయి. గాలికి గులాబీరంగు రేకులు రాలి బెంచీలమీదా, ఆపి ఉంచిన సైకిళ్లమీదా పరుచుకున్నాయి. చెత్తడబ్బా అంచున ఓ పావురం మేస్త్రీలా అటూ ఇటూ నడుస్తూ లోపలికి తొంగి చూస్తోంది.

"చూడరా, అచ్చం మన పెద్దమామయ్య నడక!" అక్క బొంగురు గొంతుతో మొదలుపెట్టింది. "నా పెళ్లిలో ఆయన ఏం చేశాడో తెలుసా..."

సరిగ్గా అప్పుడే ఐస్‌క్రీం బండివాడు గంట కొట్టాడు. కొట్టినవాడు ఆపడే! ఆ గంట పీకి సముద్రంలోకి గిరాటేద్దామనిపించింది తమ్ముడికి.

కాస్త ముందుకెళ్లాక మంచి చోటు దొరికింది. గాలి తగ్గింది. అలలు సద్దుమణిగాయి. పూలకొమ్మల్లో తేనెటీగలు తప్ప చప్పుడు లేదు. అతను ఊపిరి బిగబట్టి మైకు ఎత్తాడు. అక్క కూడా బళ్లో పిల్లలా నోటిమీద వేలేసుకుని నిలబడింది.

ఒక నిమిషం. రెండు నిమిషాలు. రికార్డరు ముల్లు కదిలితే ఒట్టు.

"ఛ!" మీట నొక్కేశాడు.

"నేను కిక్కురుమనలేదురా! గుటకైనా మింగలేదు."

"నిన్నేమైనా అన్నానా?"

"అనకపోతే ఆ మొహమేమిటి మరి, ఆముదం తాగినట్టు? ఇవాళ దొరక్కపోతే ఉద్యోగం పోతుందా ఏం?"

"అంతకన్నా ఎక్కువే పోతుంది."

అతను గడియారం చూసుకున్నాడు. పన్నెండున్నర. సీగల్ అయింది, గంట అయింది, ఓ మోటారుపడవ అయింది, ఎవరిదో బొచ్చుకుక్క అయింది. పనికొచ్చే ముక్క ఒక్కటి లేదు. ఏడుపొక్కటే తక్కువ.

"ముందు కూర్చో. రెండు బిస్కెట్లు తిను" అంటూ అక్క బెంచీమీద చతికిలబడి పొట్లం విప్పింది.

ఎక్కణ్ణుంచి చూసిందో ఓ ఉడుత. సర్రున దిగి, పొట్లానికి పొట్లమే నోట కరుచుకుని చెట్టెక్కేసింది.

అక్క చివాల్న లేచింది. తమ్ముడు మళ్లీ మీట నొక్కాడు.

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! అడిగితే పెట్టనా? జానెడు లేవు, నీకు పొట్లం మొత్తం కావాలా? దిగు, దిగు చెబుతాను! చిన్నప్పుడు మా వాడూ ఇంతే. పెరుగుకుండలో చెయ్యి పెట్టి, మూతి తెల్లగా వచ్చి, పిల్లి తాగిందన్నాడు. ఆ పిల్లి చచ్చిపోయి అప్పటికి నెల! మీరిద్దరూ ఒక్క బళ్లోనే చదివారేమిట్రా?"

పైనుంచి ఉడుత కిచకిచమంది. అక్క దానికీ జవాబు చెప్పింది. చెబుతూ నవ్వింది. నవ్వుతూ మళ్లీ తిట్టింది. ఆ గోలకి కొమ్మలమీది పిచ్చుకలన్నీ బుర్రున లేచిపోయాయి. దగ్గు తెర వచ్చి ఆపితేగానీ ఆగలేదు.

తమ్ముడు మైకు పట్టుకుని బొమ్మలా నిలబడిపోయాడు.

అక్క ఖాళీ కొమ్మలకేసి చూసింది. "అయ్యో! ఒక్క పిట్టా మిగల్లేదు. నీ వసంతం కాస్తా నేనే చెడగొట్టాన్రా."

"పోన్లే అక్కా. ఇక చాలు. పద, టైమైంది."

ఆ సాయంత్రం ఆస్పత్రి వరండాలో అతను ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని అలల్నీ, పిచ్చుకల్నీ, ఉడుతనీ ఒక్కొక్కటిగా తుడిచేసి, తెల్లవారితే డాక్టర్లు స్వరపేటిక తీసేయబోతున్న అక్క గొంతు ఒక్కటే ఉంచుకున్నాడు.