మలుపు దగ్గర చప్పుడు

"అదిగో, మళ్లీ వచ్చింది. విన్నారా?" అంది కారు నడుపుతున్న కూతురు.

వెనక సీట్లో చెవులు రిక్కించి కూర్చున్న మెకానిక్ తలూపాడు. ఈ చప్పుడు పట్టడానికి వచ్చినవాళ్లలో అతను మూడోవాడు. మొదటతను టైర్లు మార్చాడు, రెండో అతను సైలెన్సర్ విప్పి బిగించాడు. అయినా మలుపు వస్తే చాలు, టప్పుమంటోంది.

"నేనొక్కదాన్నే నడిపితే రాదండీ. నాన్న ఎక్కితేనే వస్తుంది."

"బరువు పెరుగుతుంది కదమ్మా," అన్నాడు పక్క సీట్లో ఉన్న నాన్న. ముప్పై ఏళ్లు డ్రైవింగ్ స్కూల్లో నేర్పిన మనిషి.

ఎదురుగా బస్సు వచ్చింది. టప్పుమంది.

మెకానిక్ ముందుకు వంగి చూశాడు. పెద్దాయన కుడికాలు కారు నేలని గట్టిగా తొక్కిపట్టి ఉంది.

"మాస్టారూ, మీరు నేర్పిన కారులో మీవైపు కూడా బ్రేకు ఉండేదా?"

"లేకపోతే ఇన్నాళ్లు బతికుండేవాణ్ణా?" అన్నాడాయన. అప్పుడు కిందికి చూసుకుని, కాలు మెల్లగా వెనక్కి లాక్కున్నాడు.

కూతురు కారు పక్కకి తీసి ఆపింది. వచ్చిన నవ్వు ఆయన మొహం చూసి మింగేసింది.

"ఇటువైపు కూడా ఒక బ్రేకు పెట్టగలరా?" అని మెకానిక్‌ని అడిగింది.

"కనెక్షన్ ఇవ్వాలా?"

"అక్కర్లేదు. ఉత్త పెడల్ చాలు."

నాన్న మెకానిక్ వైపు తిరిగాడు.

"ఉత్తదైనా సరే, బాగా పట్టేది పెట్టవయ్యా," అన్నాడు.