కుక్కర్ గుర్తుకు ఒక్క ఓటు

"ఈ బూత్‌లో కుక్కర్ గుర్తుకు ఓటేసిన పద్నాలుగు మందికీ పేరుపేరునా ధన్యవాదాలు! మీ పేర్లు నాకు తెలియవనుకోండి. అయినా మీ మేలు మరిచిపోను!"

గుణదల సందులో ఆటో ఆపించి తిరుపతిరావు మైకులో అంటుంటే, పక్కన కూర్చున్న కూతురు సింధూరికి నవ్వూ వచ్చింది, కాస్త సిగ్గూ వేసింది. ఎంపీగా గెలిచినవాళ్లే మళ్లీ ఇటు తొంగి చూడని రోజులివి. ఇండిపెండెంటుగా నిలబడి డిపాజిట్ పోగొట్టుకున్న మనిషి వీధి వీధీ తిరిగి థాంక్స్ చెప్పడం ఎక్కడైనా ఉందా? పటమటలో ఆయనకు టెంట్‌హౌస్ ఉంది కాబట్టి మైకు సొంతమే. బూత్‌లవారీ ఓట్ల లెక్క ఇంటర్నెట్‌లో పెట్టగానే ప్రింటు తీయించుకుని, తనకు ఓటు పడిన చోటికల్లా బయలుదేరాడు. తండ్రి ఒక్కడే తిరుగుతున్నాడని తెలిసి సింధూరి బందరులో అత్తవారింటి నుంచి వచ్చింది. ఆమె ఓటు అక్కడే, కాబట్టి తండ్రికి వేసే యోగం ఆమెకు లేకపోయింది.

ఆయన ఎన్నికల్లో దిగిందే ఒక్క మాట చెప్పడానికి. "నాకు వేయకపోయినా ఫర్వాలేదు, ఓటు మాత్రం వేయండి. పోలింగంటే సెలవు కాదండీ బాబూ!" నెల రోజులు గొంతు పోయేలా ఇదే అరిచాడు.

ఎదురింట్లోంచి తెరేసమ్మ అనే పెద్దావిడ మజ్జిగ గ్లాసులతో వచ్చింది.

"ఆ పద్నాలుగింట్లో నాదొకటి బాబూ" అంది. తర్వాత సింధూరి వైపు తిరిగింది. "ఆ రోజు పొద్దున్నే ఇక్కడ మిషను ఆగిపోయిందమ్మా. జనం విసుక్కుని ఇళ్లకి పోబోతుంటే మీ నాన్న గేటు బయట నిలబడి ఒక్కొక్కళ్లనీ బతిమాలాడు. ఎండలో మాతోపాటే ఉన్నాడు. చీకటి పడ్డాక నా ఓటు పడిందని చెబితేగానీ కదల్లేదు."

"ఓపిగ్గా నిలబడింది మీరు. నేను చేసిందేముందమ్మా?" అన్నాడు తిరుపతిరావు.

సింధూరికి కడుపు నిండినట్టయింది. గెలిచి ఉంటే నాన్న మొహంలో ఇంత తృప్తి చూసేదో లేదో అనుకుంది. ఈ సంతోషానికల్లా ఒక్కటే లోటు. అది సొంత వీధి.

పటమటలో వాళ్ల వీధివాళ్లంతా తిరుపతిరావు షామియానాల కింద పెళ్లిళ్లు చేసుకున్నవాళ్లే. అక్కడి బూత్‌లో ఆయనకు పడింది మాత్రం ఒకే ఒక్క ఓటు. ఎదురింటి పవన్‌కుమార్ ఓట్ల లెక్కింపులో ఒక పార్టీకి ఏజెంటుగా కూర్చున్నవాడు. ఆ అంకె కంటపడగానే వీధంతా టముకు వేశాడు.

"ఇంట్లో ఓటర్లు ఇద్దరు, పడింది ఒకటి. ఇంతకీ మా సుబ్బరత్నం పిన్ని ఏ గుర్తు నొక్కినట్టో!"

అప్పటి నుంచి కూరగాయల బండి దగ్గరా అదే మాట, ఇస్త్రీ బండి దగ్గరా అదే మాట. సింధూరి తల్లి సుబ్బరత్నం గడప దాటడమే మానేసింది.

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తున్న తల్లిని సింధూరి నిలదీసింది.

"నిజం చెప్పమ్మా. నాన్నకి వేయలేదా?"

"ఓటు ఎవరికేసిందీ చెప్పకూడదంటారు కదే. పప్పు వేసుకో."

"అవతల వీధంతా నవ్వుతోంది. పోనీ, వేశానని అబద్ధమైనా చెప్పొచ్చు కదా!"

"నవ్వనీ. నాలుగు రోజులు నవ్వి వాళ్లే ఊరుకుంటారు." మాట తేలిగ్గానే అంది గానీ, కళ్లు మాత్రం పైకెత్తలేదు.

తిరుపతిరావు చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "రత్నం, సాయంత్రం మన వీధిలో కూడా మైకు పెడతాను" అన్నాడు.

"వద్దండీ!" సుబ్బరత్నం ఉలిక్కిపడింది. "మీకు పుణ్యముంటుంది, ఈ ఒక్క వీధీ వదిలెయ్యండి. రేప్పొద్దున మీ మాట ఎవరు వింటారు?"

కట్టుకున్న పెళ్లామే వినని మాట ఊళ్లోవాళ్లేం వింటారన్న భయం కాబోలు అనుకుంది సింధూరి. తల్లి మీద కోపం ఇంకాస్త పెరిగింది. ఇంత జరిగినా పల్లెత్తు మాట అనని తండ్రిని చూస్తే జాలేసింది.

సాయంత్రం ఆయన అన్నంత పనీ చేశాడు. ఇంటి ముందే మైకు పట్టుకుని నిలబడ్డాడు. వినోదం చూడ్డానికి జనం అరుగుల మీదికి చేరారు. సుబ్బరత్నం తలుపు చాటునే ఆగిపోయింది.

"ఈ బూత్‌లో నాకు ఒక్క ఓటు పడింది" అన్నాడు తిరుపతిరావు. "ఇన్ని వీధులు తిరిగాను. ఇంతమందికి దండం పెట్టాను. కానీ ఈ ఒక్క ఓటు వేసినవాళ్ల రుణం మాత్రం ఈ జన్మలో తీర్చుకోలేను." రెండు చేతులూ జోడించాడు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

పవన్‌కుమార్ పగలబడి నవ్వాడు. "అదేంటి బాబాయ్, నీకు నువ్వే దండం పెట్టుకుంటున్నావా?"

అరుగులన్నీ గొల్లుమన్నాయి. సింధూరికి తల కొట్టేసినట్టయింది. గబగబా వెళ్లి తండ్రి చెయ్యి పట్టుకుంది. "చాలు నాన్నా, లోపలికి రా. ఇంకా ఎందుకు నవ్వులపాలవుతావ్?"

తలుపు చాటు నుంచి సుబ్బరత్నం వద్దు వద్దని చెయ్యి ఊపుతోంది. తిరుపతిరావు కూతురి చేతిని మెల్లగా విడిపించుకున్నాడు. నవ్వులు సద్దుమణిగేదాకా ఆగి, మైకు నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఆ రోజు నేను ఓటే వేయలేదు."